యసబురో మేస్త్రి ఎడమ మోకాలు

యసబురో మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుందని మా యునోసె ఊరంతటికీ తెలుసు. కానీ చెక్కబల్లల మీద పగ పెట్టుకున్న మనిషిని మాత్రం మా ఊరు అంతకుముందు ఎన్నడూ చూడలేదు. అవి మామూలు బల్లలు కావు లెండి. వేడినీటి స్నానశాల పక్కన రైలు కంపెనీ వాళ్ళు ఈతకొలను ఒకటి కట్టించారు చూడండి, దాని మీద పరిచిన దేవదారు బల్లలు.

ఆ కొలనులో తెల్ల టైల్స్ పరిచింది యసబురోనే. నడి చలికాలంలో, నాలుగు నెలల పాటు, తడి సిమెంటు మీద మోకాళ్ళేసుకుని ఒక్కొక్క టైలూ అతికించాడు. పని పూర్తయ్యేసరికి ఎడమ మోకాలు బిగుసుకుపోయింది. మళ్ళీ వంగితే ఒట్టు. పోనీ ఆ కొలనైనా పదికాలాల పాటు నిలిచిందా అంటే అదీ లేదు. పైన కప్పు వేశారు కాబట్టి ఎండ తగలదు, నీళ్ళు కాచే ఏర్పాటు చెయ్యాలని ఏ మహానుభావుడికీ తోచలేదు. దిగినవాళ్ళు దిగినట్టే పళ్ళు కటకటలాడించుకుంటూ పైకొచ్చేశారు. రెండు వేసవులు గడిచేలోగా నీళ్ళు తోడేసి, పైన బల్లలు పరిచి, చాపలు వేసి, ఆడపిల్లల చేత పాటల నాటకాలు ఆడించడం మొదలుపెట్టారు. స్నానానికి టిక్కెట్టు కొన్నవాళ్ళకు నాటకం ఉచితం.

"నా మోకాలు మింగింది చాలక నా పనిని కూడా పాతిపెట్టారా! చచ్చినా ఆ బల్లల మీద కాలు పెట్టను," అన్నాడు యసబురో. అని, ఐదేళ్ళు ఆ మాట మీదే ఉన్నాడు.

ఇందులో చిక్కేమిటంటే, ఆ బల్లల మీద కూర్చున్న జనం చూస్తున్నది ఆయన సొంత కూతుర్ని.

మిత్సుయేకి పన్నెండేళ్ళప్పుడు కంపెనీ వాళ్ళు పాటల బడి పెడుతున్నాం అన్నారు. బడే కదా అని యసబురో ఒప్పందం కాగితం మీద, సంతకానికి బదులుగా, తన పేరు చెక్కిన ముద్ర వేశాడు. ఆ బడి తన కొలను మీదే నాటకాలు వేస్తుందని తర్వాత తెలిసి మూడు రోజులు అన్నం ముట్టలేదు. మాస్టారు పిల్లలందరికీ పాత కవితల చీట్లలోంచి రంగస్థలం పేర్లు తీసి పెట్టారు. మిత్సుయేకి సజనామి అని వచ్చింది, చిరుఅలలు అని అర్థం. "నీళ్ళు పోయాయి, పేరులో మాత్రం అలలు మిగిలాయి," అని యసబురో ముఖం తిప్పుకున్నాడు.

ఆ పిల్లల్ని నటీమణులు అనకూడదు, విద్యార్థినులు అనాలి. ముప్పై ఏళ్ళొచ్చినా విద్యార్థినే. పెళ్ళి చేసుకుంటే మాత్రం ఆ రోజుతో సరి, బడి మానెయ్యాలి. మిత్సుయే పొడగరి, గొంతు బొంగురు, దవడ అచ్చం తండ్రిది. అందుకని రాజకుమారి వేషం ఏనాడూ ఆమె దాకా రాలేదు. ఐదేళ్ళలో ఆమె వేసినవి ఒక చెట్టు, మూడో సైనికుడు, ఒక ఎద్దు. ఎద్దులోనూ వెనక కాళ్ళే. అయినా ఆ వెనక కాళ్ళను కూడా ఆమె ఎంత ప్రేమగా వేసిందంటే, ముందు కాళ్ళు వేసిన పిల్ల నా మీద ఎవరి చూపూ ఆనడం లేదని మాస్టారి దగ్గర ఏడ్చింది.

తైషో చక్రవర్తి ఏలుబడి ఎనిమిదో ఏడు మార్చి ఆఖరుకి మిత్సుయే పాత కాగితం గడువు తీరిపోతుంది. మరో మూడేళ్ళకు కొత్త కాగితం వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల కాబట్టి కింద తండ్రి ముద్ర పడాలి. పడకపోతే ఇంటికి వచ్చెయ్యాలి. పక్క ఊరి పెంకుల బట్టీవాళ్ళు తమ రెండో అబ్బాయికి మిత్సుయేని అడిగి అప్పటికే రెండు నెలలైంది.

"అబ్బాయి మంచివాడే," అంది తల్లి ఓతకి, పులుసు గిన్నె ముందుకు జరుపుతూ. "కానీ పిల్లకి ఇష్టం లేదు కదయ్యా."

"ఎద్దు వెనక కాళ్ళు వెయ్యడం ఇష్టమా?"

"ఇష్టమే నాన్నా," అంది మిత్సుయే.

యసబురో ముల్లంగి ముక్క కరకరా నమిలాడు. ముద్ర ఉన్న సొరుగు ఆయన వెనకే ఉంది. దానికేసి ఎవరూ చూడలేదు. చూడకపోయినా ముగ్గురి మనసులూ అక్కడే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే పాటల బడి కురమోచి మాస్టారు వసంతకాలపు కొత్త నాటకం మొదలుపెట్టారు. చంద్రుడి మీద మచ్చలు పడ్డాయి, వాటికి పూత పూయడానికి భూమి మీద నుంచి ఒక ముసలి తాపీ మేస్త్రిని పిలిపిస్తారు. సిమెంటు లేదు కాబట్టి అక్కడి కుందేళ్ళు రోకళ్ళతో మోచి అనే జిగురు బియ్యపు ముద్ద దంచి మాలు కలిపి ఇస్తాయి. ఇదీ కథ. ఆడపిల్లలందరూ కుందేళ్ళకూ చంద్రలోకపు యువరాజుకూ ఎగబడ్డారు. తాత వేషం దగ్గరికి వచ్చేసరికి అందరూ తలలు వంచుకుని కాళ్ళ గోళ్ళు చూసుకున్నారు.

"నేను వేస్తాను మాస్టారూ," అంది మిత్సుయే.

"మీసాలు పెట్టుకుని వణికితే తాత అయిపోరమ్మా. నీకు బాగా తెలిసిన ముసలాడిని ఎవరినైనా మనసులో పెట్టుకుని చెయ్యి చూద్దాం."

ఆమె ఆలోచించలేదు. ఒళ్ళే చేసుకుపోయింది. తాపీని తొడకి రెండు వైపులా తుడిచింది, పిడితో గోడని రెండుసార్లు కొట్టి చెవి ఆనించి వింది, "ఊఁ" అని తనలో తాను ఒప్పుకుంది. బిగుసుకుపోయిన కాలు పక్కకి విసురుతూ నడిచింది. కూర్చోబోతూ గాలిలో ఆగి, నడుము మీద చెయ్యి వేసుకుని, దేవుణ్ణి ఒక చిన్న తిట్టు తిట్టి మరీ కూర్చుంది. కురమోచి మాస్టారు నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఎవరమ్మా ఈ మహానుభావుడు?"

మిత్సుయే తలొంచుకుని తాపీ కింద పెట్టేసింది. ఆ నవ్వు విన్న క్షణమే ఆమెకు సంగతి తట్టింది. నాన్న కుంటి నడక చూసి నవ్వుతున్నారు. రేపు వందల మంది నవ్వుతారు. ఆ మోకాలు పోయింది కూడా సరిగ్గా ఆ నవ్వేవాళ్ళు కూర్చునే బల్లల కిందే. ఈ సంగతి నాన్న చెవిన పడితే ముద్ర మాట అటుంచి, తన ముఖం కూడా చూడడు. ఎన్నడూ లేనిది, నాన్న ఆ బల్లల మీద కాలు పెట్టనని ఒట్టు పెట్టుకోవడమే మంచిదైందనిపించింది ఆమెకు. అనిపించినందుకు సిగ్గూ వేసింది.

తల్లికి మాత్రం చెప్పి, "నాన్నకి చెప్పకమ్మా, నీకు పుణ్యముంటుంది," అని బతిమాలుకుంది. ఓతకి సత్రాల దుప్పట్లు ఉతికే మనిషి, చేతులు బలమైనవి, నోరు అంతకన్నా. అయినా అప్పుడు ఏమీ మాట్లాడలేదు. నోరున్న మనిషి ఊరుకుందంటే ఏదో ఆలోచన చేస్తోందని కూతురికి తట్టి ఉండాల్సింది.

నాటకం మొదలైన పదో రోజు ఆదివారం. మార్చి నెలలో కూడా మంచు విడవకుండా పడుతోంది. మా వీధి స్నానాల కొట్టులో ఆ ఉదయమే పొయ్యి చెడింది. చలికి మోకాలు పోటు పెడుతుంటే యసబురో మూలుగుతున్నాడు.

"కొండవైపు స్నానశాలకి పద. ఆ ఉప్పునీళ్ళు మోకాలికి మంచివి," అంది ఓతకి.

"నేను రాను."

"నాటకానికి రమ్మన్నానా? స్నానానికి రమ్మన్నాను. నీళ్ళు నీకేం పాపం చేశాయి?"

నీళ్ళ మీద ఆయనకు కోపం లేదు. వెళ్ళారు. గుమ్మంలో చెప్పుల కాపలా ఆయన ఇద్దరి చెక్కచెప్పులూ తీసుకుని ఒక చెక్కబిళ్ళ ఇచ్చాడు. ఆ బిళ్ళ ఓతకి నడికట్టులో దోపుకుంది. మొగుడు గంటసేపు మెడదాకా వేడినీళ్ళలో మునిగి, ఎర్రగా, మెత్తగా, ఎవరి మీదా కోపం లేని మనిషై బయటికి వచ్చేసరికి ఓతకి లేదు. బిళ్ళా లేదు. చెప్పుల ఆయన బిళ్ళ లేనిదే చెప్పులివ్వనన్నాడు. "మీ ఆవిడ నాటకం చూస్తోందండీ. వెళ్ళి అడిగి తెచ్చుకోండి," అన్నాడు.

బయట చూస్తే మంచు, లోపల చూస్తే బల్లలు. యసబురో వట్టి కాళ్ళతో ఆ గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డాడో చెప్పుల ఆయన మా ఊళ్ళో చాలా ఏళ్ళు కథలా చెప్పుకున్నాడు. అర్ధగంట అనేవాడు. అంత ఉండదు లెండి.

మిత్సుయేకి ఇవేవీ తెలియవు. అట్టమీసాలు పెట్టుకుని, నడుముకి తాపీ దోపుకుని వేదిక మీదకు వచ్చింది. బల్లలు మొదలయ్యే అంచున ఉన్న స్తంభం దగ్గర, స్నానపు అంగీలో, నెత్తిన తువ్వాలుతో నిలబడ్డ తండ్రిని చూసింది. ఆయన చెయ్యి అందనంత దూరంలో, బల్లల మీద, ఓతకి మెడ సాచి కూర్చుని ఉంది. మిత్సుయే ఉన్నచోటే ఆగిపోయింది.

కానీ పియానో ఆగదు కదా. ఆమె నడవాలి. కుంటుతూ నడిచింది. జనం గొల్లుమన్నారు. కూర్చోబోయి గాలిలో ఆగింది, ఇంకా గొల్లుమన్నారు. చంటిపిల్లలు తల్లుల ఒళ్ళో ఎగిరెగిరి నవ్వారు. హాలంతా నవ్వుతున్నా స్తంభం దగ్గర ఒక్క ముఖం మాత్రం నవ్వలేదు. కనుబొమలు ముడిపడి, మెడ ముందుకు సాగి, ఆమె కాళ్ళకేసే చూస్తున్నాడు. అయిపోయింది అనుకుంది మిత్సుయే. మూడేళ్ళూ అయిపోయాయి. ముద్ర సంగతి దేవుడెరుగు, ఈ రాత్రి ఇంట్లో నాన్న ఎదురుగా ఎలా కూర్చోను అనుకుంది.

కుందేళ్ళు మాలు తెచ్చాయి. ఆమె అట్టచంద్రుడి ముందు తాపీ ఎత్తింది. సరిగ్గా అప్పుడు హాలు దద్దరిల్లేలా ఒక గొంతు లేచింది.

"ఆ కాలు కాదే! ఎడమది! ఎడమ కాలు!"

నవ్వులు టక్కున ఆగిపోయాయి. పియానో వాయించే ఆయన వేళ్ళు కూడా తడబడ్డాయి. యసబురో స్తంభం వదిలేసి, జనం మధ్య నుంచి, బల్లల మీదుగానే, తను ఎక్కడ నడుస్తున్నాడో కూడా చూసుకోకుండా ముందుకు వచ్చేశాడు.

"కుంటిది ఎడమ మోకాలు! కుడి మోకాలు బిగిస్తే కుడి చెయ్యి పైకి ఎలా అందుతుంది? గోడ మీద పడి చస్తావు!"

మిత్సుయే కిందకి చూసుకుంది. నిజమే. బిగించి పెట్టుకున్నది కుడికాలు. పది రోజులుగా కుడికాలే. ఆ బడిలో పిల్లలకు మాస్టార్లు ఎదురుగా నిలబడి ఆడి చూపిస్తారు. మాస్టారి చెయ్యి ఏ వైపు లేస్తే ఆ వైపే, అద్దంలో బొమ్మలా, పిల్లలు లేపాలి. ఐదేళ్ళు ఆ చదువే చదివిన ఒళ్ళు ఆమెది. నాన్ననూ అలాగే, ఎదురుగా ఉన్నవైపుకే దించేసింది. తాపీ ఒక్కటే అలవాటు కొద్దీ కుడిచేతిలో ఉండిపోయింది. ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోగలిగిన మనిషి ఈ ప్రపంచంలో ఒక్కడే.

ఆమె తన కుడికాలు చూసింది, ఎడమకాలు చూసింది, తల గోక్కుంది. ముసలి గొంతుతోనే, "చూశారా నా ముసలితనం! ఏ కాలు కుంటో కూడా మతికుండి చావడం లేదు," అని కాలు మార్చింది.

హాలు కప్పు ఎగిరిపోయిందనే అనుకోండి. మా ఊళ్ళో అంత నవ్వు మళ్ళీ నేను వినలేదు.

"ఆఁ, అదీ!" అన్నాడు యసబురో, అక్కడే చాప మీద చతికిలబడుతూ. పక్కనున్న ముసలమ్మ ఆయనకు కాస్త చోటిచ్చింది.

ఎడమ మోకాలు చాపి, బరువంతా కుడి మోకాలి మీద వేసి తాపీ ఎత్తేసరికి, పది రోజులుగా అందని చంద్రుడి పై అంచు మిత్సుయేకి అందింది. చెయ్యి దానంతట అదే వంపు తిరిగింది. నాన్న ఒళ్ళు ఎందుకలా ఒక పక్కకి ఒరుగుతుందో, ఎక్కడ నొప్పి పెడుతుందో, ఆ నొప్పిని తప్పించుకుంటూ పని ఎలా సాగిస్తాడో అంతా తన ఒంట్లోనే తెలిసింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పాడింది. చివర్లో చంద్రుణ్ణి పిడితో రెండుసార్లు కొట్టి చెవి ఆనించినప్పుడు, అంతసేపూ నవ్విన జనం గాలి కూడా పీల్చకుండా తనతో పాటు విన్నారు.

జనం వెళ్ళిపోయాక కూడా యసబురో లేవలేదు. కురమోచి మాస్టారు వచ్చి, నాటకం మధ్యలో అరిచినందుకు రెండు మాటలు అందామనుకుని, ఆ దవడ చూసి, ఎవరో అర్థమై, వంగి దండం పెట్టారు. మిత్సుయే అట్టమీసాలతోనే వచ్చి తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"నిన్ను చూసి నవ్వాలని చెయ్యలేదు నాన్నా."

"నన్ను చూసి ఎవరు నవ్వారే? కాలు తప్పు పెట్టిన మేస్త్రిని చూసి నవ్వారు." ఆమె నడుముకి ఉన్న తాపీకేసి చూశాడు. "తాపీ తొడకి రెండు వైపులా తుడుస్తానని నాకే తెలీదు. అంత జాగ్రత్తగా నన్ను ఎప్పుడు చూశావే?"

"చిన్నప్పుడు మాలు అందించేదాన్ని కదా. ఎప్పుడూ నీకు ఎదురుగానే కూర్చునేదాన్ని."

యసబురో పక్కకి వంగాడు. చాప అంచు ఎత్తి, వేలి కణుపుతో బల్ల మీద రెండుసార్లు కొట్టి చెవి ఆనించాడు. రెండడుగులు జరిగి మళ్ళీ కొట్టాడు. 

"ఊఁ," అన్నాడు. బల్లల మీద నుంచి వింటే అడుగున టైల్స్ ఎలా ఉన్నాయో ఎవరికీ తెలియదు, ఆయనకూ తెలియదు. అయినా, "ఒక్కటీ ఊడలేదు," అన్నాడు. తర్వాత పెళ్ళాం వైపు చెయ్యి చాచి, "బిళ్ళ ఇటివ్వవే, మాయదానా," అన్నాడు.

మర్నాడు పొద్దున ఫలహారాలయ్యాక యసబురో సొరుగు తెరిచాడు.  కాగితం బల్ల మీద పెట్టాడు, ముద్ర మీద నోటితో ఆవిరి ఊదాడు, ఎర్రసిరా అద్దాడు, టైలు పెట్టేటప్పటిలా ఒక కన్ను మూసి గీత చూసుకుని, నొక్కాడు. నొక్కి చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

ఓతకి తొంగి చూసి నెత్తి కొట్టుకుంది. "అయ్యో రాత! తలకిందులుగా కొట్టావు కదయ్యా! గీతలు చూసుకునే మేస్త్రివి, ఈమాత్రం చూసుకోవద్దూ?"

యసబురో ముద్ర తుడిచి సొరుగులో పెట్టాడు. "తలకిందులేం కాదు," అన్నాడు, కూతురి వైపు చూడకుండా. "ఎదురుగా కూర్చున్నవాళ్ళకి సరిగ్గానే ఉంటుంది."

కంపెనీ గుమాస్తా గొణుక్కుంటూనే ఆ కాగితం తీసుకున్నాడు. ఇరవై నిండాక మిత్సుయేకి తండ్రి ముద్ర అవసరమే లేదు. ఆమె ముద్ర ఆమె వేసుకోవచ్చు. అయినా మూడేళ్ళకోసారి కాగితం ఇంటికే తెచ్చేది. యసబురో కనుబొమలు ముడేసి, ఒక కన్ను మూసి, ఆమెకు సరిగ్గా కనిపించేలా నొక్కేవాడు. "మళ్ళీ తలకిందులేనా సజనామి గారూ?" అనేవాడు గుమాస్తా. ఆమె తాతలూ తండ్రులూ సేనాపతులూ ఎందరినో వేసింది. కొత్త పిల్లలు మగవాళ్ళ నడక నేర్చుకోవడానికి ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. వాళ్ళకు ఆమె ఎదురుగా నిలబడి ఎన్నడూ నేర్పలేదు, పక్కన నిలబడే నేర్పింది.

యసబురో పోయిన ఏడాది తర్వాత మరో కాగితం వచ్చింది. ఓతకి పులుసు గిన్నెలు కడుగుతోంది. మిత్సుయే ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. తన ముద్ర తీసి, ఊది, ఎర్రసిరా అద్దింది. ఎదురుగా నాన్న కూర్చునే మెత్త ఖాళీగా ఉంది. ఆమె ముద్రని ఆ మెత్త వైపుకి తిప్పి, ఒక కన్ను మూసి గీత చూసుకుని, నొక్కింది.